కట్టె పొయ్యిని బాగుచేద్దామా, వదిలేద్దామా?

కొత్తమట్టి:
మాది పదకొండు మంది ఉన్న చిన్న బృందం. కాస్తో కూస్తో చేతిపనులు తెలిసినవాళ్లం. సెలవు రోజుల్లో పల్లెలకు వెళ్లి ఏదో ఒకటి కట్టి వస్తుంటాం. ఈసారి 120 ఇళ్లకు కట్టె తక్కువ తినే, పొగ తక్కువ వచ్చే పొయ్యిలు కట్టిద్దామనుకున్నాం. నమూనా కూడా ఎంచుకున్నాం. రాకెట్ పొయ్యి అంటారు కదా, మోచేయి ఆకారంలో లోపలి గొంతు ఉండేది, అదే.

నిన్న పని పంచుకుందామని కూర్చుంటే మాలో ఉన్న ఒక డాక్టరుగారు అడ్డం తిరిగారు. "కట్టెను ఎలా కాల్చినా పొగే. ఆ ఖర్చుతో నలభై ఇళ్లకైనా గ్యాసో కరెంటు పొయ్యో వచ్చేలా చూడండి. అరకొర పొయ్యి ఇచ్చామంటే, వీళ్లకు పొయ్యి వచ్చేసిందిలే అని పైవాళ్లు చేతులు దులుపుకుంటారు" అన్నారు. సగం మంది ఆయన వైపు వెళ్లిపోయారు. నేను ఎటూ తేల్చుకోలేక ఇక్కడ అడుగుతున్నాను.

గ్రామీణ ఇళ్లకు మెరుగైన కట్టె పొయ్యి కట్టడం ఇప్పటికీ చేయదగ్గ పనేనా? కట్టినవాళ్లు, వాడినవాళ్లు, చదివినవాళ్లు చెప్పండి. తిట్టుకోకుండా చెబితే ఇంకా మంచిది.

సున్నాపొగ:
మీ డాక్టరుగారి మాటే నా మాట. ఇది ఇష్టాయిష్టాల సంగతి కాదు, నలభై ఏళ్లుగా చేసి చూసిన సంగతి.

భారతదేశంలో 1980ల మొదట్లో జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమం పెట్టారు. 2002లో ఆపేసేనాటికి మూడు కోట్లకు పైగా పొయ్యిలు ఇళ్లకు చేరాయి. చాలావాటికి గొట్టాలు పూడిపోయాయి, మట్టి పగిలింది, జనం పాత పొయ్యి వెలిగించుకున్నారు. ఎన్ని పొయ్యిలు ఇచ్చామో రాసుకున్నారు గానీ ఎన్నిట్లో మంట మండుతోందో ఎవరూ రాసుకోలేదు.

సరే, అది సర్కారు పని అంటారా? ఒడిశాలో రెమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికవేత్తలు సుమారు 2600 ఇళ్లను నాలుగేళ్లపాటు గమనించారు. లాటరీ వేసి కొందరికి ముందు, కొందరికి తర్వాత గొట్టం ఉన్న మట్టి పొయ్యిలు కట్టించారు. మొదటి ఏడాది వంట చేసేవాళ్లు పీల్చే పొగ తగ్గింది. ఆ తర్వాత ఆ తేడా కూడా కనబడకుండా పోయింది. ఆరోగ్యం మారలేదు, కట్టె వాడకమూ తగ్గలేదు.

మట్టి పొయ్యి కాబట్టి అలా అయిందంటారా? మలావీలో ఫ్యాను ఉన్న ఫ్యాక్టరీ పొయ్యిలు, వాటిని నడిపే సోలార్ ప్యానెల్ సహా ఇచ్చి, పది వేలకు పైగా పసిపిల్లలను గమనించారు. పాత మంటల మీద వండే ఇళ్లతో పోలిస్తే న్యుమోనియా కేసుల్లో తేడా రాలేదు. లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, 2016 చివర్లో.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఇంటి పొగ వల్ల 2020లో చనిపోయినవాళ్లు 32 లక్షల మంది. ఇంత పెద్ద సమస్యకు మట్టి ముద్దలతో మందు వేస్తామంటే ఎలాగండీ?

గొట్టంమేస్త్రి:
నేను పొయ్యిలు కట్టడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. సున్నాపొగ గారు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను. అలాంటి ఓటమి ఒకటి నా చేతుల మీదుగా కూడా జరిగింది, అది తర్వాత చెబుతాను.

ముందు ఒక ముక్క. పొగ అంటే ఏమిటి? కాలకుండా తప్పించుకుపోయిన కట్టె. కట్టెలో ఎక్కువ భాగం వేడి తగలగానే ఆవిరిగా, వాయువుగా బయటికొస్తుంది. మనం చూసే మంట ఆ వాయువుదే. ఆ వాయువుకు ఆరేడు వందల డిగ్రీల వేడి, చాలినంత గాలి, కలవడానికి కాస్త సమయం దొరికితే దాదాపు మొత్తం కాలిపోతుంది. దొరక్కపోతే అదే పొగై కళ్లలోకి, మసై గోడ మీదికి వెళ్తుంది. కాబట్టి "ఎలా కాల్చినా పొగే" అన్న మాట తప్పు. ఎలా కాలుస్తామన్నదాన్ని బట్టే పొగ.

ఇప్పుడు మట్టి దగ్గరికి వద్దాం. చాలామంది మంచి మనసుతో చేసే తప్పు ఇక్కడే. మందంగా, బరువుగా మట్టి మెత్తి, "వేడి బయటికి పోదు" అనుకుంటారు. పోదు, నిజమే. మట్టిలోకి పోతుంది! బరువైన మట్టి వేడిని ఆపదు, తాగుతుంది. 1976 భూకంపం తర్వాత గ్వాటెమాలాలో లొరేనా అనే పొయ్యి పుట్టింది. బురదకూ ఇసుకకూ అక్కడి భాషలో ఉన్న మాటలు కలిపి పెట్టిన పేరు అది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉండేది. తర్వాత తూకం వేసి చూస్తే మూడు రాళ్ల పొయ్యి కంటే ఎక్కువ కట్టె తిన్నది. అమెరికాలో పొయ్యిల మీద పరిశోధన చేసే ఆప్రొవెచో అనే కేంద్రం ఉంది. అక్కడి లారీ వినియార్‌స్కీ 1980ల్లో రాకెట్ పొయ్యి గీసింది ఇలాంటి పాఠాలు నేర్చుకున్నాకే.

అందులో కిటుకు ఇంతే. మంట మండే గొంతు చుట్టూ తేలికైన సరుకు ఉండాలి, బరువైనది కాదు. మట్టిలో సన్నటి రంపపు పొట్టు కలిపి ఇటుక చేసి కాలిస్తే, పొట్టు కాలిపోయి దాని చోట గాలి బుడగలు మిగులుతాయి. ఆ ఇటుక నీళ్లలో వేస్తే తేలాలి. మునిగిందంటే అది గోడకు పనికొస్తుంది, పొయ్యి గొంతుకు పనికిరాదు. అంత ఓపిక లేకపోతే గొంతుకూ బయటి గోడకూ మధ్య ఖాళీ వదిలి అందులో కట్టె బూడిద నింపండి. బూడిద కంటే చవకైన, మంచి అడ్డు నేను చూడలేదు.

గొంతు ఎత్తు దాని వెడల్పుకు రెండు మూడు రెట్లు ఉండాలి. కట్టెలు నేల మీద పడుకోకూడదు, ఒక అర మీద ఉండాలి, కింద నుంచి గాలి ఆడాలి. గాలి దారి, మంట దారి, గిన్నె చుట్టూ సెగ పోయే దారి, అన్నీ ఒకే వైశాల్యంలో ఉండాలి. ఎక్కడ ఇరుకైతే అక్కడ ఉక్కిరిబిక్కిరై పొగ వెనక్కి తంతుంది. గిన్నె చుట్టూ రేకు పట్టీ కట్టి, గిన్నెకూ రేకుకూ మధ్య సుమారు సెంటీమీటరు సందు వదిలితే సెగ గిన్నె పక్కలను కూడా రాసుకుంటూ పోతుంది. ఈ ఒక్క పట్టీతో మిగిలే కట్టె చూస్తే మీరే ఆశ్చర్యపోతారు.

ఇక నా ఓటమి. ఒక సంస్థ కోసం అరవై పొయ్యిలు కట్టాను. ఒకే అచ్చు, ఒకే నోరు, చూడముచ్చటగా. ఆరు నెలల తర్వాత వెళ్తే సగానికి పైగా ఇళ్లలో గడ్డపారతో నోరు పగలగొట్టి వెడల్పు చేసుకున్నారు. వాళ్ల గిన్నెలు అందులో కూర్చోవడం లేదు మరి! నేను వాళ్ల గిన్నెలు కొలవలేదు. నన్ను కొలవమన్న మనిషీ లేడు.

ఊదుగొట్టం:
మేస్త్రి గారూ, ఆ చివరి పేరా ముందు రాసుంటే మిగతాది ఇంకా ఇష్టంగా చదివేదాన్ని.

పందొమ్మిదేళ్లు కట్టె పొయ్యి మీద వండినదాన్ని. మా ఇంట్లోనూ ఒకప్పుడు "మెరుగైన" పొయ్యి కట్టి, నన్ను దాని పక్కన నిలబెట్టి ఫోటో తీసుకెళ్లారు. దాని నోట్లో బొటనవేలంత పుల్లలే పట్టేవి. మోపులో వచ్చేవి చెయ్యంత లావు కట్టెలు. రోజూ గొడ్డలితో సన్నగా చీల్చుకోవాలి. కట్టె మిగిలిందని సంబరపడేవాళ్లు చీల్చిన గంటను ఎవరి ఖాతాలో రాశారు? పాత పొయ్యిలో అయితే పెద్ద దుంగ ఒకటి పెట్టి, పిల్లకు స్నానం చేయించి వచ్చి ఎగదోసేదాన్ని. ఇందులో పది నిమిషాలకోసారి పుల్లలు ముందుకు తోయాలి, లేకపోతే ఆరిపోతుంది. అంటే పొయ్యి ముందు కూర్చోవాలి. పొగ తగ్గింది కానీ పొగ దగ్గర కూర్చునే సమయం పెరిగింది.

అలాగని డాక్టరుగారి వైపూ కాదు. పొగ అంటే మీరంతా ఊపిరితిత్తుల గురించే మాట్లాడుతున్నారు. కళ్లు మండటం, తల పట్టేయడం, బట్టలకూ జుట్టుకూ వాసన, కొంగుకు నిప్పంటుకుంటుందేమోనన్న టెన్షన్, గిన్నెల మసి తోమీ తోమీ చేతులు పగలడం, ఇవి జబ్బుల లెక్కలో రావు. మోపు కోసం వెళ్లే పొద్దులు కూడా రావు. వారానికి మూడు మోపులు రెండైతే నాకు ఒక పొద్దు మిగిలింది. దాని విలువ కోసం లాన్సెట్‌లో వెతకనక్కర్లేదు.

సున్నాపొగ:
అమ్మా, మీ కష్టాన్ని తక్కువ చేయలేదు. నేను అడిగేది ఇంతే: ఆ కష్టాన్ని మూడో వంతు తగ్గించే వస్తువు ఎందుకు, మొత్తం పోగొట్టేది ఉండగా? ఇవ్వాల్సింది గ్యాసే.

ఊదుగొట్టం:
గ్యాసు మా ఇంట్లో ఇప్పుడు ఉంది నాయనా. అయినా నీళ్లు కాగడానికీ, ఎక్కువసేపు ఉడకాల్సినవాటికీ కట్టె పొయ్యే వెలిగిస్తాను. గ్యాసు అయిపోతుందన్న భయం ఒకటి, పుల్లలు ఊరికే వస్తాయి కదా అన్న ఆశ ఒకటి. ఇంట్లో రెండు పొయ్యిలు ఉన్నంతకాలం రెండోదాన్ని బాగుచేయొద్దంటే ఎలా?

లెక్కలపుస్తకం:
ఊదుగొట్టం గారు చెప్పినదాన్నే పరిశోధకులు స్టాకింగ్ అంటారు. ఒక పొయ్యి వచ్చి ఇంకో పొయ్యిని వెళ్లగొట్టదు, పక్కన చేరుతుంది. పొయ్యి గోడకు చిన్న ఉష్ణోగ్రత బిళ్లలు అంటించి ఏది ఎప్పుడు వెలిగిందో చూసిన ప్రతిచోటా దాదాపు ఇదే కనబడింది. నోటితో అడిగితే మాత్రం అందరూ కొత్తదే వాడుతున్నామంటారు. ఇచ్చినవాళ్ల మనసు నొప్పించడం ఎందుకని!

ఇక ఆరోగ్యం సంగతి. రెండు వైపులవాళ్లూ కాస్త నెమ్మదించాలి.

గ్వాటెమాలా కొండల్లో కర్క్ స్మిత్ అనే పరిశోధకుడి బృందం 500కు పైగా ఇళ్లతో ఒక ప్రయోగం చేసింది. సగం ఇళ్లకు గొట్టం ఉన్న పొయ్యి, మిగతావాళ్లకు పాత మంట. 2011లో ఫలితాలు వచ్చాయి. పసిపిల్లలు పీల్చే కార్బన్ మోనాక్సైడ్ సగానికి తగ్గింది. డాక్టర్లు నిర్ధారించిన న్యుమోనియా మొత్తంలో గట్టిగా చెప్పగలిగినంత తేడా రాలేదు. కానీ తీవ్రమైన న్యుమోనియా సుమారు మూడో వంతు తగ్గింది. అంటే కట్టె పొయ్యి వల్ల ఏమీ ఒరగదనీ అనలేం, సమస్య తీరిందనీ అనలేం.

సగం పొగ తగ్గితే సగం జబ్బు తగ్గాలి కదా అని అడుగుతారు. అలా తగ్గదు. పొగకూ జబ్బుకూ మధ్య గీత తిన్నగా ఉండదు. మొదట్లో నిటారుగా లేచి, పైకి వెళ్లేకొద్దీ చదునవుతుంది. బాగా పొగచూరిన ఇల్లు ఆ చదును మీద ఉంటుంది. అక్కడి నుంచి సగం దూరం వెనక్కి వచ్చినా ఇంకా చదును మీదే ఉంటాం. అసలు లాభమంతా కింది భాగంలో ఉంది. 2.5 మైక్రాన్ల కంటే సన్నని ధూళికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన తొలి మెట్టు, ఏడాది సగటున ఘనమీటరుకు 35 మైక్రోగ్రాములు. అసలు గమ్యం 2021 నుంచి 5. మామూలు కట్టె పొయ్యి ఎంత బాగా కట్టినా వంటిల్లు ఆ 35 కిందికి రావడం అరుదు.

ఇంతవరకు సున్నాపొగ గారిదే పైచేయి. కానీ ఆయన చెప్పని కథ ఒకటుంది. హాపిన్ అనే పెద్ద ప్రయోగం. భారతదేశం, గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో 3200 మంది గర్భిణులను తీసుకుని, సగం మందికి గ్యాసు పొయ్యి, అడిగినంత గ్యాసు ఉచితంగా ఇచ్చారు. గర్భిణులు పీల్చే సన్నధూళి 70 నుంచి 24కు పడిపోయింది. అంటే ఆ 35 గీత కింద! అయినా పుట్టిన బిడ్డల బరువులో తేడా రాలేదు. ఏడాదిలోపు పిల్లల్లో తీవ్రమైన న్యుమోనియాలోనూ రాలేదు. 2022, 2024లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

గొట్టంమేస్త్రి:
చూశారా! మరి గ్యాసు కూడా దండగేనా? మా మట్టి పొయ్యికి పెట్టిన పరీక్షే గ్యాసుకూ పెడితే అదీ ఫెయిలయింది. మట్టి పొయ్యిని మాత్రం ఊళ్లోంచి వెళ్లగొట్టాలట. పొమ్మనలేక పొగబెట్టడం అంటే ఇదే.

సున్నాపొగ:
అది వక్రీకరణ. పుట్టినప్పటి బరువు, ఏడాదిలోపు న్యుమోనియా, ఈ రెండింటిలో తేడా రాలేదంటే మిగతా అన్నింటిలోనూ రాదని కాదు. ఇరవై ముప్పై ఏళ్లు పొగ పీల్చిన మనిషి ఊపిరితిత్తులు, గుండె, కంటి శుక్లాలు ఏ రెండేళ్ల ప్రయోగంలోనూ తేలవు. 70ని 24 చేయడం చిన్న విషయమా? మీ పొయ్యితో చేసి చూపించండి, నేను వచ్చి దణ్ణం పెడతాను.

గొట్టంమేస్త్రి:
చేయలేను. ఒప్పుకున్నాను. మరి మీరు ఆ 120 ఇళ్లకూ నెలనెలా గ్యాసు పోయించి చూపించండి, నేనూ దణ్ణం పెడతాను.

అసలు నా కోపం ఎక్కడంటే, ఈ వాదన ఇరవై ఏళ్లుగా వింటున్నాను. గ్యాసు వస్తోంది, కరెంటు వస్తోంది, ఈలోపు కట్టె పొయ్యి మీద ఖర్చు పెట్టొద్దు అంటారు. ఆ ఈలోపు ఎంత? ఇప్పటికీ 200 కోట్ల మందికి పైగా కట్టె, బొగ్గు, పిడకలు, కిరసనాయిలు మీదే వండుకుంటున్నారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుంది.

పర్యవేక్షకుడు:
ఇద్దరూ ఎవరి దణ్ణాలు వాళ్లు దాచుకోండి. విషయం మీద రాయండి.

తీగమల్లె:
కరెంటు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రెండు ముక్కలు. ఇండక్షన్ పొయ్యి తీసుకున్న కరెంటులో 80, 90 శాతం వేడి గిన్నెకు చేరుతుంది. మూడు రాళ్ల పొయ్యిలో కట్టె వేడిలో చేరేది 10, 15 శాతమే, మంచి రాకెట్ పొయ్యిలో 30 దాకా. లెక్క అద్భుతంగా ఉంది కదా? కానీ ఒక్కో ఇండక్షన్ పొయ్యి లాగేది ఒకటిన్నర రెండు కిలోవాట్లు. పల్లె మొత్తం సాయంత్రం ఒకేసారి వెలిగిస్తే, రెండు బల్బులకూ ఒక ఫ్యానుకూ వేసిన తీగలు, చివరనున్న చిన్న ట్రాన్స్‌ఫార్మరు తట్టుకోవు. అడుగు గుండ్రంగా ఉన్న గిన్నెలూ పనికిరావు. పొయ్యి కొనడం సులువు, దాని వెనకున్న తీగ మార్చడం కష్టం. నా ఉద్యోగం తీగలదే, అందుకే చెబుతున్నాను.

కొత్తమట్టి:
అందరికీ థాంక్స్. ఇంకో చిక్కు కూడా చెప్పేస్తాను, మొదట దాచినందుకు క్షమించండి. ఖర్చులో కొంత భరిస్తామని ఒక కంపెనీ ముందుకొచ్చింది. బదులుగా ఈ పొయ్యిల వల్ల మిగిలే కట్టెకు కార్బన్ క్రెడిట్లు, అంటే ఇంత కార్బన్ గాలిలోకి పోకుండా ఆపామని చూపించి అమ్ముకునే పత్రాలు, వాళ్లు తీసుకుంటారట. మాకు ఉచితమే కదా అని నేను సరే అనబోయాను.

చిగురుకొమ్మ:
అనకండి. కనీసం కాగితాలు చదవకుండా అనకండి.

ఈ లెక్క ఎలా నడుస్తుందో చెబుతాను. పొయ్యి ఇచ్చారు కాబట్టి ఇంత కట్టె మిగిలింది, ఆ మిగిలిన కట్టెలో ఇంత శాతం మళ్లీ పెరగని అడవి నుంచి వచ్చేది, కాబట్టి గాలిలోకి ఇంత కార్బన్ వెళ్లకుండా ఆపాం అని రాసుకుంటారు. ప్రతి మెట్టు దగ్గరా లెక్క పెంచుకోవచ్చు. పాత పొయ్యిలో ఖర్చయ్యే కట్టెను ఎక్కువ చేసి రాయొచ్చు, కొత్తది రోజూ వాడుతున్నారని రాయొచ్చు, పాతది పూర్తిగా మానేశారని రాయొచ్చు. ఎండుపుల్లలు ఏరుకునేచోట కూడా అడవి నరుకుతున్నట్టు రాయొచ్చు. అడవిలో రాలిన పుల్ల ఎలాగూ కుళ్లి గాలిలోనే కలుస్తుంది కదా. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2024లో నేచర్ సస్టెయినబిలిటీ పత్రికలో లెక్క తేల్చారు. వాళ్లు చూసిన ప్రాజెక్టుల్లో నిజంగా ఆగినదానికి 9 రెట్లకు పైగా క్రెడిట్లు ఇచ్చుకున్నారు. ఆ క్రెడిట్లు కొన్న కంపెనీ అంత పొగ తన చిమ్నీలోంచి వదులుకుంటుంది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు లేదూ?

అన్ని ప్రాజెక్టులూ మోసమని అనను. వాడకాన్ని నిజంగా కొలిచేవి ఉన్నాయి. మీ కంపెనీని ఒక్కటే అడగండి: రెండో ఏడు వచ్చి కొలుస్తారా, ఎవరు కొలుస్తారు, ఎన్ని ఇళ్లలో? మొహం మారితే మీకే తెలిసిపోతుంది.

గొట్టంమేస్త్రి:
దీనికి సంబంధించిందే ఇంకో మాట. ఉచితంగా ఇవ్వాలా, కొంత వాళ్లు పెట్టుకోవాలా అన్నది ఇంకో పెద్ద గొడవ. చైనాలో 1980ల నుంచి 1990ల చివరిదాకా 18 కోట్ల మెరుగైన పొయ్యిలు వెళ్లాయి. అక్కడ ఇంటివాళ్లే ఖర్చులో ఎక్కువ భాగం పెట్టుకున్నారు. సర్కారు డబ్బు ఎక్కువగా శిక్షణకూ, పరీక్షలకూ, స్థానికంగా పొయ్యిలు అమ్మి బాగుచేసేవాళ్లను నిలబెట్టడానికీ పోయింది. గొట్టం పూడితే పిలవడానికి ఒక మనిషి ఉన్నాడు, అదీ తేడా.

లెక్కలపుస్తకం:
చైనాలో కట్టె మిగిలింది, పొగ కూడా తగ్గింది. కానీ తర్వాత వెళ్లి కొలిస్తే చాలా ఇళ్లలో ధూళి వాళ్ల దేశ ప్రమాణం కంటే పైనే ఉంది. మంచి కథను మంచి కథగా చెప్పుకుందాం, కానీ మొత్తం చెప్పుకుందాం.

ఇంధనం కొనుక్కునేవాళ్ల సంగతి వేరు. నైరోబీలో బొగ్గు కుంపటి లాంటి జికో వాడే ఇళ్లకు మెరుగైన జికో ఇచ్చి చూస్తే, బొగ్గు ఖర్చు 39 శాతం తగ్గింది. డబ్బు పెట్టి కొనేచోట పొయ్యి తన ఖర్చు తానే రాబట్టుకుంటుంది, ఎవరూ వాడమని బతిమాలక్కర్లేదు. పుల్లలు ఏరుకునేచోట మిగిలేది సమయం. ఆ సమయం ఇంటి పెద్ద జేబులో కనబడదు కాబట్టి ఆయనకు తొందర ఉండదు.

ఊదుగొట్టం:
ఆ చివరి వాక్యాన్ని ఫ్రేము కట్టించి వంటింట్లో పెట్టుకుంటాను.

సున్నాపొగ:
నేను కాస్త వెనక్కి తగ్గుతాను, పూర్తిగా కాదు. సూడాన్ దేశంలో డార్ఫుర్ శరణార్థి శిబిరాల సంగతి నాకు గుర్తుంది. అక్కడ ఆడవాళ్లు కట్టె కోసం శిబిరం దాటితే దాడులు జరిగేవి. అశోక్ గాడ్గిల్ అనే శాస్త్రవేత్త బృందం 2005 తర్వాత అక్కడి గిన్నెలకూ, గాలికీ, ఇసుక నేలకూ తగ్గట్టు పొయ్యి చేసి, కట్టె వాడకాన్ని సగానికి పైగా తగ్గించింది. అక్కడ "గ్యాసు వచ్చేదాకా ఆగండి" అని నేను అనలేను. కట్టె తగ్గడమే ప్రాణం నిలిపేచోట పొయ్యి కట్టండి.

నా అభ్యంతరం మాట దగ్గర. "ఆరోగ్య పొయ్యి", "పొగలేని పొయ్యి" అని బోర్డు పెట్టి ఇస్తారు చూడండి, అదీ తప్పు. ఆ మాట నమ్మి తల్లి పసిబిడ్డను పొయ్యి పక్కనే పడుకోబెట్టుకుంటుంది. గొట్టం పెట్టినా పొగ మాయమవదు. ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి పక్కింట్లోకి వెళ్తుంది. 120 గొట్టాలు ఒకేసారి పొగ వదిలితే ఆ గాలి పీల్చేదీ ఆ పిల్లలే.

గొట్టంమేస్త్రి:
దీనికి నేను అడ్డం చెప్పను. "పొగలేని" అన్న మాట నేనూ వాడేవాణ్ణి. ఇకమీదట వాడను.

కొత్తమట్టి తమ్ముడూ, నీకు నా సలహా. గొట్టం పెడితే దాన్ని దులిపేదెవరో ముందే తేల్చు. కప్పు గడ్డిదైతే గొట్టం చుట్టూ రేకు కాలరు లేకుండా వదలకు. పొయ్యి కంటే ముందు కట్టె ఆరబెట్టే చూరు ఒకటి చూపించు. పచ్చి కట్టె బరువులో సగం నీళ్లే ఉండొచ్చు. ఆ నీళ్లు ఆవిరవడానికే మంట వేడి ఖర్చయిపోతుంటే, వినియార్‌స్కీ వచ్చి కట్టినా పొగే వస్తుంది. గిన్నె మీద మూత పెట్టడం, పొంగు వచ్చాక మంట తగ్గించడం, ఉడుకు పట్టిన గిన్నెను దించి గడ్డి నింపిన బుట్టలో మూసిపెట్టడం, వీటికి మేస్త్రీ కూడా అక్కర్లేదు.

కొత్తమట్టి:
నిన్న రాత్రి మళ్లీ కూర్చున్నాం. ఈ చర్చ మొత్తం పైకి చదివాను. డాక్టరుగారు హాపిన్ దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నారు.

తేలింది ఇది. 120 కాదు, ముందు పన్నెండు ఇళ్లు. గ్యాసు ఇప్పటికే ఉన్న ఇళ్లు నాలుగు, లేనివి ఎనిమిది. కట్టక ముందు వారం రోజులు, కట్టాక నాలుగు నెలలకు ఒక వారం కట్టెను తూకం వేస్తాం. పాత పొయ్యిని పగలగొట్టమని ఎవరినీ అడగం. కరపత్రంలో ఆరోగ్యం అన్న మాట తీసేసి, "కట్టె తక్కువ, మసి తక్కువ" అని మాత్రం రాస్తాం. ఆ పల్లెకు గ్యాసు సరఫరా కోసం అర్జీ రాసే పని డాక్టరుగారు తన మీద వేసుకున్నారు. పొయ్యిలు కట్టామన్న సంగతి మాత్రం అందులో రాయనన్నారు. రాస్తే ఆ పేరు చెప్పి వాయిదా వేస్తారట. దాని మీద ఇంకో గంట గొడవ జరిగింది, అది వేరే కథ. కంపెనీవాళ్లను చిగురుకొమ్మ గారి ప్రశ్న అడిగాను. "మా టీమ్ చూసుకుంటుంది" అన్నారు. ఎవరని మళ్లీ అడిగితే ఇంకా జవాబు రాలేదు.

మేస్త్రి గారూ, ఒక సందేహం. ఇటుకలో పొట్టు ఎంత కలపాలి? మేం చేసిన మొదటి నాలుగు ఇటుకలూ మునిగిపోయాయి.

గొట్టంమేస్త్రి:
మట్టిని బట్టి మారుతుంది. సగానికి సగం కొలతతో మొదలుపెట్టి, తేలేదాకా పొట్టు పెంచుకుంటూ పో. చేతిలో పొడిపొడిగా రాలిపోతే పెంచినది ఎక్కువైందని. పొట్టు జల్లించు, ముతకది వద్దు. పూర్తిగా ఆరాకే కాల్చు.

అన్నట్టు, గిన్నెలు కొలిచారా?

కొత్తమట్టి:
మూడిళ్లలో కొలిచాం. మూడూ మూడు రకాలు.

ఊదుగొట్టం:
నాలుగో ఇంట్లో ఇంకో రకం ఉంటుంది. కొలవండి. కొలిచేటప్పుడు ఆ ఇంట్లో రోజూ ఏ గిన్నె పొయ్యెక్కుతుందో వండేవాళ్లనే అడగండి, వాకిట్లో కుర్చీలో కూర్చున్నవాళ్లను కాదు.